కంప్యూటరు గది తాళం

మా చిన్నతనంలో... కంప్యూటరు గదిలోకి చెప్పులు విప్పేసి వెళ్ళేవాళ్ళం. లోపల ఫినాయిలు వాసన, వరుసగా బల్లలు, ఒక్కో కంప్యూటరు మీద ఒక్కో ప్లాస్టిక్ ముసుగు... ఆ ముసుగు ఎవరు తీయాలో అని మాలో మాకే తగువు.

ఆమదాలవలసకి ఒక స్టేషను అవతల పల్లె మాది. నేనప్పుడు ఏడో తరగతి. కంప్యూటరు సారు మమ్మల్ని ముగ్గురేసి చొప్పున కూర్చోబెట్టి మౌసుతో బొమ్మలు గీయించేవారు. నాకు గుండ్రంగా గీయడం అప్పుడప్పుడే వస్తోంది... ఇంతలో ఆయన కాంట్రాక్టు అయిపోయి వెళ్ళిపోయారు. ఆయన బదులు ఎవరూ రాలేదు. హెడ్మాస్టరు గారు గదికి తాళం వేసేశారు.

ఆయన చెడ్డవారేం కాదు. రిటైర్మెంటు దగ్గరపడింది. ఒక్క మౌసు పోయినా తనే జవాబు చెప్పుకోవాలని భయం.

నాకు మాత్రం కాలు నిలిచేది కాదు. ఇంటర్వెల్ కొట్టగానే ఆ గది కిటికీ దగ్గరికి పరుగు. ఊచలకి మొహం ఆనించి చూడడం... లోపల ఏముంటుంది, ముసుగులే. అయినా చూడాలి. క్లాసులో కూర్చున్నా వేళ్ళు బెంచీ మీద ఊరికే కదులుతూ ఉండేవి. ఈ ఆడగుంటకి ఏదో సోకిందని మా అమ్మ ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది కూడా.

అలా ఉండగా తుఫాను వానలు పట్టుకున్నాయి. హెడ్మాస్టరు గారు మీటింగుకని శ్రీకాకుళం వెళ్ళారు. తాళంచెవి ఆయన సంచీలోనే. పొద్దుటే కరెంటు పోయింది. నేను అలవాటు కొద్దీ కిటికీ దగ్గరికి వెళ్ళి చూస్తే... స్లాబు నుంచి నీళ్ళు ధారగా ఒక కంప్యూటరు మీద పడుతున్నాయి. చినిగిన ముసుగులోంచి లోపలికి దిగుతున్నాయి.

లెక్కలు చెప్పే సుగుణ టీచరు దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ అప్పటికి ఉద్యోగంలో చేరి ఎన్నాళ్ళో కాలేదు. వచ్చి చూశారు, వెనకాలే మా క్లాసు పిల్లలూ చేరారు. హెడ్మాస్టరు గారికి ఫోను చేస్తే కలవలేదు. ఆవిడ వరండాలో అటూ ఇటూ తిరిగారు... ప్రభుత్వం సొమ్ము, తాళం పగలగొడితే మెమో ఇస్తారు, ఉద్యోగానికే ముప్పు రావచ్చు. ఆ మాట మాకు వినిపించేలాగే తనలో తాను అనుకున్నారు.

నా స్నేహితురాలు పైడమ్మ వాళ్ళిల్లు బడి వెనకాలే. ఎవరూ అడక్కుండానే వానలో పరిగెత్తి వాళ్ళ నాన్న గునపం తెచ్చేసింది. తాళం మీద తనే దెబ్బ వేయబోతే టీచరు లాక్కున్నారు.

"దెబ్బ నేనే ఏస్తాను. రేపు ఎవలడిగినా నా పేరే సెప్పాల. మీరు ముట్టుకోలేదు, తెలిసిందా?"

తాళం ఊడింది. లోపల రెండు కంప్యూటర్లు అప్పటికే తడిసి ముద్దయ్యాయి. ఆ తర్వాత ఒకటే పరుగులు... బరువైన పెట్టెల్లాంటి మోనిటర్లు ఇద్దరిద్దరం కలిసి కావలించుకుని మా క్లాసులోకి చేర్చాం. గోనె సంచులు, ఓణీలు, ఏది దొరికితే దానితో తుడిచాం.

మర్నాడు వాన వెలిశాక హెడ్మాస్టరు గారు వచ్చారు. వేలాడుతున్న గొళ్ళెం చేత్తో పట్టుకుని చూశారు. ఎవరు చేశారని అడిగితే సుగుణ టీచరు నేనే అన్నారు. పిల్లలు ముట్టుకుని ఇవి పాడైతే ఎవరు జవాబు చెబుతారని ఆయన గొంతు పెంచారు.

అప్పుడు పైడమ్మ నిలబడింది. "తాళం ఏసుంచితేనే కదండీ మాస్టారూ రెండు పాడైపోనాయి. మేం ముట్టుకున్నవి బాగానే ఉన్నాయి."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. చివరికి, మిగిలినవి ఎండలో పెట్టమన్నారు. పై ఆఫీసులో అడిగితే తనే పగలగొట్టించానని చెప్పారట... ఆ సంగతి టీచరుకి తర్వాతెప్పుడో తెలిసింది.

గది మళ్ళీ తెరిచారు. కానీ నేర్పేదెవరు? సుగుణ టీచరుకే రాదు. సెలవు రోజుల్లో రైలెక్కి ఆమదాలవలస వెళ్ళి, కోచింగు సెంటర్లో నేర్చుకుని వచ్చి మాకు చెప్పేవారు. ఒక్కోసారి మధ్యలో ఆగిపోయి, "ఇక్కణ్ణించి నాకూ రాదర్రా, నొక్కి సూద్దాం" అనేవారు. భయం భయంగా నొక్కేవాళ్ళం... నా జీవితంలో నేను కుదురుగా కూర్చున్న గంటలు అవే.

పైడమ్మ ఇప్పుడు ఆమదాలవలసలో సొంతంగా ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు నడుపుతోంది. నేను కొత్తవలస దగ్గర ఒక బడిలో సైన్సు టీచర్ని. మా బడికీ కొత్త కంప్యూటర్లు వచ్చాయి. గది తెరిచే ఉంటుంది. టైంటేబుల్లో పీరియడు కూడా ఉంది... పరీక్షలొచ్చినప్పుడల్లా దాన్ని లెక్కలకో ఇంగ్లీషుకో ఇచ్చేస్తాం. నిన్న ఆరో తరగతి అమ్మాయి ఒకతి స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడి అడిగింది...

"టీచరుగోరూ, ఈ వారమైనా ఉంటాదేటండి మా కంప్యూటరు పీరియడు?"

సూద్దాంలే అని పంపేశాను. అప్పట్నుంచీ నాకు కుదురు లేదు. దిద్దాల్సిన పేపర్లు ముందేసుకుని ఇదంతా రాస్తూ కూర్చున్నాను.

మా రోజుల్లో యంత్రాలు తక్కువ, వాటి మీద ఆత్రం కొండంత. ఇప్పుడు ప్రతి చేతిలో ఫోనుంది, కానీ తనకు రానిది కూడా పిల్లల పక్కన కూర్చుని నేర్చుకునే తీరిక ఏ టీచరుకీ మిగలడం లేదు... మీ బడిలో మొదటిసారి మీ చేత మీట నొక్కించిన వాళ్ళెవరు? రాయండి, చదవాలనుంది. నేనైతే సోమవారం ఆ పీరియడు ఎవరికీ ఇవ్వను.