చీర కప్పిన కంప్యూటర్లు

నరసరావుపేటలో గులాం మొహిద్దీన్ రిపేరు కొట్టు తెలియనివాళ్లు తక్కువ. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల దుమ్ము మింగిన కంప్యూటర్లయినా, ఆఫీసులు మూలన పడేసినవైనా ఆయన దగ్గరికే వస్తాయి. మూత తీసి, నాలుగు తుమ్ములు తుమ్మి, దుమ్ము దులిపి, చచ్చిన రెండింటి భాగాలతో ఒకదాన్ని బతికిస్తాడు. దాంట్లో ఉచితంగా దొరికే లినక్స్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి పల్లె బడులకు ఇచ్చేస్తాడు. చేయి మంచిది. కోపం మాత్రం ముక్కుమీదే ఉంటుంది.

కిందటి జూన్‌లో రెంటచింతల అవతల ఓ పల్లె బడికి ఆరు ఇచ్చాడు. రెండు నెలలైనా ఒక్క ఫోనూ రాలేదు. పాత సరుకు, పిల్లల చేతులు! ఏదో ఒకటి ఆగకుండా ఎట్లా ఉంటుంది? మనసు ఊరుకోక బస్సెక్కాడు.

గదికి తాళం. హెడ్‌మిస్ట్రెస్ ఆరోగ్యమ్మ గర్వంగా తలుపు తీసింది. ఆహా, ఏం వైభోగం! ఆరింటికీ అటెండరు పెట్టిన కుంకుమ బొట్లు, పైన ఉతికిన పాత చీరలు.

"ఒక్క గీత పళ్లేదు భాయ్. చానా జాగర్తగా చూసుకుంటన్నాం."

మొహిద్దీన్‌కు ఒళ్లు మండింది. "పిల్లలు ముట్టుకున్నారా అసలు? తాళాలేసి దాయటానికి ఇయ్యేమన్నా నగలా టీచరమ్మా?"

"చెడగొడితే మళ్లీ ఎవురిస్తారు భాయ్? మా పిల్లలకు ఇంకో దిక్కేది?"

ఆ మాటతో ఆయన చల్లబడ్డాడు. ఆవిడది పిసినారితనం కాదు, భయం. తన ఇంట్లో పెళ్లినాటి పింగాణీ కప్పులు కూడా ఇట్లాగే బీరువాలో ఉండిపోయాయి మరి.

"చెడితే నేనున్నా. ఆ తాళం నాకియ్యండి. ఇయ్యకపోతే ఆరూ ఆటోలో ఏసకపోతా."

ఆరోగ్యమ్మ తలుపుకున్న తాళంకప్ప తీసి ఆయన చేతిలో పెట్టింది. పిల్లలు బిలబిలమంటూ వచ్చి చీరలు లాగేశారు.

మూడు వారాల తర్వాత, కొట్టు కిటకిటలాడుతున్న వేళ ఫోన్ మోగింది. నంబరు ఆరోగ్యమ్మదే. మాట్లాడింది మాత్రం ఎనిమిదో తరగతి సాహితి. పిల్ల వెక్కుతోంది.

"సార్, ఒకటి ఆగిపోయింది. నేనే ఏదో నొక్కా. మీకు నన్నే చెప్పమన్నారు టీచర్."

మొహిద్దీన్ కళ్లు చెమర్చాయి. "ఏడవమాకమ్మా. వాడారు కాబట్టే చెడింది. రేపు పొద్దున్నే వస్తా. నువ్వు పక్కనే ఉండి చూడాల, ఏం?"

ఫోన్ పెట్టేసి కొట్లో ఉన్నవాళ్లందరికీ టీ చెప్పాడు. ఏంది విశేషమని అడిగారు వాళ్లు.

"మా కంప్యూటర్ చెడిపోయింది," అన్నాడు సంతోషంగా.