శుక్రవారం పడే స్విచ్

నాయన పోయిన ఏడాది, హిందూపురంలోని మా కొత్త ఇంట్లో ప్రతి శుక్రవారం పొద్దున కరెంటు పోయేది. వీధంతా ఉండేది, మాకే ఉండేది కాదు. ఎవరికీ షాక్ కొట్టకుండా మీటరు పక్కన పెట్టించిన ట్రిప్ స్విచ్ టప్పుమని పడిపోయేది. ఎత్తితే నిలిచేది కాదు. మధ్యాహ్నానికి మాత్రం బుద్ధిగా నిలబడేది.

"మీ నాయనేరా. లైట్లు ఆర్పేసి పోతాండాడు," అనేది అమ్మ.

బతికున్నన్నాళ్లూ ఆయన పని అదే. మేము గదిలో ఉండగానే లైటు ఆర్పేసి, "పగలే లైట్లేంది?" అని కసిరేవాడు.

అయినా అమ్మ మాటకు నాకు ఒళ్లు మండేది. ఒక శుక్రవారం ఫ్యూజులన్నీ పీకి, ఒక్కో గది లైను కలుపుతూ వచ్చాను. హాలు లైను కలపగానే స్విచ్ పడింది. అంతకు కాస్త ముందే అమ్మ, ప్రతి శుక్రవారం లాగే, తలస్నానం చేసొచ్చి, హాల్లోని నాయన ఫోటోను తడిగుడ్డతో తుడిచి బొట్టు పెట్టింది. ఫోటో దించితే వెనక మేకు తడిసి ఉంది. పీకి చూస్తే దాని మొన నల్లగా మాడిపోయింది. అది గోడలోపలి వైరులోకి దిగింది; తడి తగిలితే కరెంటు గోడలోకి పాకి స్విచ్ పడేది, మధ్యాహ్నానికి తడి ఆరితే నిలిచేది. స్విచ్ పడకపోయి ఉంటే షాక్ అమ్మకే కొట్టేది.

వైరు మార్పించి, ఫోటోను ఎదురు గోడకు తగిలించాను. జరిగిందంతా అమ్మకు విడమరిచి చెప్పాను.

మరుసటి శుక్రవారం అమ్మ ఎప్పటిలాగే ఫోటో తుడిచింది. తర్వాత పట్టపగలు ఇంట్లో ఉన్న లైట్లన్నీ వేసి, మీటరుకు ఎదురుగా కూర్చుంది.

పొద్దు గూకేదాకా ఎవరూ ఆర్పలేదు.