మా అత్తగారి పంటినొప్పి

పోయిన నెల ఒక ఉదయం, అన్నం క్యారేజీ సర్దుకుని ఆసుపత్రికి బయల్దేరుతుంటే మావారు ఫోన్ చేశారు. "అమ్మ వెళ్లిపోయింది" అన్నారు. న్యుమోనియా. ఎనభై దాటిన మనిషి. ఊపిరితిత్తులే తట్టుకోలేకపోయాయనీ, గుండె మాత్రం ఆఖరిదాకా బాగా పనిచేసిందనీ అక్కడి డాక్టరు చెప్పారట. అంత ఏడుపులోనూ ఆ మాటకి నాకు గర్వంగా అనిపించింది. ఆ గుండె కథ నాకు తెలుసు మరి.

పదేళ్ల కిందటి మాట. నాకు యాభై దాటాయి, నెలసరి ఆగి ఏడాదైంది. బళ్లో పాఠం చెబుతుంటే గుండెల్లోంచి మొహానికి ఒక్కసారిగా సెగ ఎగదన్నేది. జాకెట్టు తడిసిపోయేది. నిద్ర పట్టేది కాదు. పిల్లల మీద అరిచేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు వంటింట్లో పోపు మాడిందని గరిటె విసిరికొట్టాను. మా అత్తగారు పొయ్యి కట్టేసి, నా పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. "ఎన్నాళ్ల నుంచమ్మాయ్ ఈ ఆవిర్లు?" అని అడిగారు. నేను చెప్పకపోయినా ఆవిడ చూస్తూనే ఉన్నారన్నమాట.

మర్నాడే అంబాజీపేటలో బస్సెక్కించి అమలాపురం లేడీ డాక్టరు గారి దగ్గరకి తీసుకెళ్లారు. తనకీ అక్కడే పని ఉందన్నారు. కొంతకాలంగా ఎడమవైపు దవడ పన్ను సలుపుతోందట, పీకించేసుకుంటే పోతుందట. దారిలో తన సంగతి చెప్పుకొచ్చారు. ఆ వయసులో ఆవిడకీ ఇలాగే అయ్యేదట. సెగ తగిలినప్పుడల్లా పెరట్లోకి పోయి తడి చీర కప్పుకుని నిలబడేవారట. ఇంట్లో ఎవరూ ఏమిటని అడగలేదట.

"అందరూ నన్ను కోపిష్టిదనేవోరు. నాకు కోపం కాదమ్మాయ్, నిద్ర లేదు" అన్నారు.

డాక్టరు గారు నా బీపీ చూశారు. రక్తం గడ్డలు కట్టడం, రొమ్ము క్యాన్సరు లాంటివి నాకు గానీ ఇంట్లోవాళ్లకి గానీ ఉన్నాయా అని అడిగారు. పరీక్షలు చేయించి, ఫలితాలు బాగుంటే తక్కువ మోతాదులో హార్మోన్ మందు మొదలుపెడదామన్నారు. ఎక్కువ ఏళ్లు వాడితే రొమ్ము క్యాన్సరు ప్రమాదం కాస్త పెరగొచ్చనీ, అందుకే ఏటా మళ్లీ చూసుకుంటూ ఉండాలనీ అన్నారు.

ఇంతలో మా అత్తగారు ముందుకి జరిగారు. "ఆ మందు గుండెక్కూడా మంచిదటగదండీ. నాకూ రాసెయ్యండి."

అది గుండె కోసం ఇచ్చే మందు కాదనీ, ఆవిర్లకీ నిద్రకీ ఇచ్చేదనీ, డెబ్భై దాటాక కొత్తగా మొదలుపెడితే మేలుకన్నా ప్రమాదమే ఎక్కువనీ డాక్టరు గారు నిదానంగా చెప్పారు. అసలు గుండెకి మందెందుకని అడిగారు. మా అత్తగారు గుండెకేమీ లేదని కొట్టిపారేశారు. మెట్లెక్కితే కాస్త ఆయాసం, నీళ్ల బకెట్టు మోస్తే ఆ పన్ను లాగడం, కాసేపు కూర్చుంటే తగ్గిపోవడం, అంతేనన్నారు.

డాక్టరు గారు కలం పక్కన పెట్టేశారు. "పన్నయితే పని చేస్తే నొప్పెట్టి, కూర్చుంటే తగ్గదండీ పెద్దమ్మగారూ. ఆడవాళ్లకి గుండెనొప్పి ఇలా కూడా వస్తుంది. ముందు ఈసీజీ తీయిద్దాం."

ఆ వారంలోనే కాకినాడలో గుండె డాక్టరు రక్తనాళంలో పూడిక చూసి స్టెంటు వేశారు. నా కోసం బస్సెక్కిన మనిషి తన ప్రాణం దక్కించుకుని వచ్చారు. పన్ను మాత్రం ఆఖరిదాకా గట్టిగానే ఉంది.

నేను మందు మొదలుపెట్టాక నిద్ర తిరిగొచ్చింది. ఈలోగా చుట్టాలావిడ ఒకరు అవన్నీ క్యాన్సరు మాత్రలని భయపెడితే నేను ఊగిసలాడాను. డాక్టరు గారు ఆ ప్రమాదం గురించి దాచకుండా ముందే చెప్పారు కదా అని గుర్తుచేసింది మా అత్తగారే. "మందు నీది, మాట డాక్టరు గారిది. మజ్జిలో ఊరోళ్లకేం పనమ్మాయ్?" అన్నారు. కొన్నేళ్లు వాడి, డాక్టరు గారు చెప్పినట్టే మెల్లగా మానేశాను.

మా అత్తగారు ఊరగాయ తగ్గించారు, అది మాత్రం బాగా సణుక్కుంటూ. పొద్దున్నే నేత చీర మీద బూట్లు తొడుక్కుని నాతో కాలవ గట్టున నడిచేవారు. ఎవరైనా నవ్వితే వాళ్లనీ రమ్మనేవారు. పలివెలలో ఒక ఓణీల ఫంక్షన్‌లో కొంగుతో విసురుకుంటున్న ఒకావిడ పక్కకి వెళ్లి కూర్చుని, భోజనాలు అయ్యేలోగా ఆవిడ చేత డాక్టరు దగ్గరకి వెళ్తానని ఒప్పించారు. సిగ్గు పడితే జబ్బు తగ్గదనేవారు. మా అత్తగారి పెద్దకర్మ రోజున ఆ పలివెల ఆవిడ కూడా వచ్చింది. చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

స్టెంటు వేసిన మరుసటి ఏడు మా అత్తగారూ నేనూ దిండి వెళ్లి పడవెక్కాం. గోదావరి మీద ఎదురుగాలి. నేను లోపల కూర్చోమంటున్నా వినకుండా ఆవిడ ముందుకి వెళ్లి, కమ్మీ పట్టుకుని నిలబడి, ముడి విప్పేసుకున్నారు. తెల్లటి జుట్టంతా వెనక్కి ఎగురుతోంది. మొహానికి చల్లగాలి తగులుతుంటే కళ్లు మూసుకుని, ఒడ్డు వచ్చేదాకా అలాగే ఉండిపోయారు.