ఆర్లిస్ రెండు వేళ్లు

మా తమ్ముడు ఆర్లిస్ ముప్ఫై ఏళ్లు బొగ్గు గనిలో వెల్డింగు చేశాడు. గని మూతపడ్డాక కొండలెక్కే బండ్ల పిచ్చిలో పడ్డాడు. ఒకసారి స్నేహితుడి పక్కన కూర్చుని ఎక్కుతుంటే బండి కింద జాయింటు తెగింది. ఇంజను బలాన్ని వెనక చక్రాలకు చేరవేసే పొడవాటి గొట్టం, అదే డ్రైవ్ షాఫ్టు, గిర్రున తిరుగుతూనే అడుగురేకును చీల్చుకుని పైకొచ్చి వాడి మడమను తీసుకుపోయింది. నడిపినవాడికి గీత కూడా పడలేదు. ఆ మహానుభావుడు ఫ్లోరిడా పోయి పడవ కొనుక్కున్నాడు. మావాడు కుంటుకుంటూ ఇంటికొచ్చి ఇనుప కడియాలు చేయడం మొదలుపెట్టాడు.

షాఫ్టు చుట్టూ, ముందు జాయింటుకు దగ్గరగా, కడియం ఉండాలి. జాయింటు తెగినా షాఫ్టు అందులోనే కొట్టుకుంటుంది, మనిషి మీదికి రాదు. మా లోయలో చాలామంది బండిని చదును నేల మీద నిలబెట్టి దానికి కొలత తీసేవారు. రాళ్ల మీద చక్రం వేలాడితే షాఫ్టు కిందికి జారుతుందనీ, కడియం ఇరుకైతే దాన్నే కొడుతుందనీ వాళ్లకు తట్టేది కాదు. ఆర్లిస్ బండిని జాకీల మీద లేపి, చక్రాలు పూర్తిగా వేలాడాక, కడియానికీ షాఫ్టుకీ మధ్య రెండు వేళ్లు దూర్చేవాడు. వేళ్లు పడితే ముందు అద్దం మూలన పసుపు రంగు చుక్క పెట్టేవాడు. చుక్క లేని బండి కొండెక్కకూడదని మా లోయ బండ్ల క్లబ్బు కట్టుబాటు. పదకొండేళ్లు ఆ తనిఖీ వాడిదే. పెళ్లాం పోయాక వాడికి మిగిలిన గౌరవం ఆ చుక్కే.

కొండేమో డెంజిల్‌ది. క్లబ్బు పెద్దా వాడే. ఆ వసంతంలో కొత్త బండితో వచ్చాడు. ఆర్లిస్ దాని కిందికి దూరి, పైకి లేచి, రంగు డబ్బా మూత పెట్టేశాడు.

"ఏం ఆర్లిస్ అన్నా, కడియం కనబడలేదా?"

"కనబడింది. అడుగురేకుకు బిగించావు. కింద ఇనుప చట్రానికి, చాసిస్‌కు బిగించాలి. షాఫ్టు ఒక్క దెబ్బ కొట్టిందంటే రేకూ కడియమూ కలిసి నీ ఒళ్లో కూర్చుంటాయి."

"నా కొండ, నా బండి, నా ఒళ్లు. నువ్వు చుక్క పెట్టు, చాలు."

"పెట్టను."

"ఏం, వేలు నొప్పా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"మడమ నొప్పి," అన్నాడు మావాడు.

డెంజిల్ చుక్క లేకుండానే ఎక్కాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఏమీ కాలేదు. దిగొచ్చి బానెట్ మీద కూర్చుని సోడా తాగాడు.

మధ్యాహ్నం ఫైర్ స్టేషన్ హాల్లో క్లబ్బు భోజనాలకు నేను చిక్కుడు గింజలు ఉడకబెడుతుంటే డెంజిల్ పొయ్యి దగ్గరికొచ్చాడు.

"అక్కా, కొండ గేటుకు తాళం మారుద్దామనుకుంటున్నా. నీకూ ఒక తాళంచెవి చేయించనా?"

మా అమ్మా నాన్నా, నా మొగుడు హోబర్ట్, అందరూ ఆ కొండ పైనే ఉన్నారు. నేల ఎప్పుడో చేతులు మారింది. సమాధులు మాత్రం మావి. హోబర్ట్ పక్కన నాకూ చోటుంది, రాయి మీద నా పేరు కూడా చెక్కించి పెట్టాను.

"అడగాలట్రా?" అన్నాను.

"అదే, ఇంటి మనిషివి కదా అని," అంటూ మొక్కజొన్న రొట్టె ముక్క నోట్లో వేసుకుని పోయాడు.

భోజనాలకు ముందు డెంజిల్ లేచి, ఆర్లిస్‌ను తనిఖీ నుంచి తప్పించాలనేవాళ్లు చేతులెత్తమన్నాడు. వాడు కడియాలు బిగించి ఇచ్చినవాళ్లే ముందు ఎత్తారు. నా కుడిచేతిలో గరిటె ఉంది. ఎడమచెయ్యి ఎత్తాను. ఆర్లిస్ నా చేతివైపు చూశాడు, నా మొహంవైపు చూడలేదు. రంగు డబ్బా తీసుకుని బయటికి నడిచాడు.

మర్నాడు పొద్దున జాకీలు మోసుకుని మా ఇంటికొచ్చాడు. నా పాత జీపును లేపి, దాని కిందికి దూరి, వాడే ఎప్పుడో బిగించిన కడియంలో రెండు వేళ్లు పెట్టి చూశాడు. అద్దం మూలన చుక్క పెట్టాడు.

"తిని పోరా," అన్నాను.

"ఆకలి లేదక్కా."

ఆ తర్వాత రెండేళ్లు బతికాడు. మా గుమ్మం తొక్కలేదు. పోయేముందు పాస్టరుకు కాగితం రాసిచ్చాడు: ఆ గేటులోంచి నన్ను తీసుకెళ్లొద్దు. ఊళ్లో పెట్రోలు బంకు వెనకున్న శ్మశానంలో పాతిపెట్టారు. అక్కడ మావాళ్లెవరూ లేరు.

డెంజిల్ బండికి ఈ రోజుకీ ఏమీ కాలేదు. అయి ఉంటే మా తమ్ముడి మాట నెగ్గేదేమో, ఆ మాట నేను పైకి అనను. మే నెలలో సమాధులకు పూలు పెట్టే ఆదివారం డెంజిల్ ఇచ్చిన తాళంచెవితో గేటు తీసుకుని జీపులో పైకి వెళతాను. అమ్మ పక్కన ఆర్లిస్ కోసం ఉంచిన చోట గడ్డి మోకాలెత్తు పెరిగింది. నేనే కోస్తాను.