పిల్లనడగని రాజీ

మా రెండో పిల్ల తొమ్మిదో తరగతికి కొండ దిగువ హాస్టల్లో చేరింది. నేను ఐదు దాటలేదు గనుక, అది పది పాసవడం చూడాలని నాకు మహా ఆశ.

రెండు నెలలకు చూడబోతే దాని చేతులు బట్టల సోడాకి పొక్కిపోయి ఉన్నాయి. అడగ్గా అడగ్గా చెప్పింది. పదో తరగతి పిల్లలు నలుగురు తమ బట్టలన్నీ దాని చేతే ఉతికిస్తున్నారట. ఉతకనన్న రోజున ట్రంకు పెట్టె మీద నిలబెట్టి పాఠం చదివిస్తారట. మా ఇంటి యాస దొర్లినప్పుడల్లా గది గదంతా నవ్వు, అదే యాసలో వెక్కిరింపు.

"కొండగుంటా, మళ్లీ సదువే! కోతులకి కూడా అర్థమవ్వాల!"

ఆ నలుగురిలో పెద్దది ఎవరో కాదు, హుకుంపేట సంతలో నా పక్కనే కూర్చుని పసుపు అమ్మే మనిషి కూతురు. ఆవిణ్ణి నేను వదినా అని పిలుస్తాను.

"నువ్వొచ్చి వార్డెన్ మేడంతో సెప్పమ్మా, గదైనా మార్పిత్తారు," అంది మా పిల్ల.

నేను వినలేదు. వదిన కూతురి మీద చాడీ చెప్పి సంతలో ఆవిడ పక్కన ఎలా కూర్చోను? తగువు తీర్చే పద్ధతి మా ఊళ్లో ఉంది కదా. తప్పు చేసినవాళ్లు కోడిని తెస్తారు. పెద్దల ముందు వండుకుని రెండిళ్లవాళ్లూ కలిసి తింటారు. అంతటితో ఆ మాట చచ్చినట్టే. మళ్లీ ఎత్తితే ఎత్తినవాళ్లదే తప్పు.

పెద్దలతో కబురంపితే వదిన నల్ల కోడిపెట్టను పట్టుకొచ్చింది. "పిల్లలే గదేటి వదినా, ఆటల్లో ఏదో అనుకున్నారు. మా గుంటకి గట్టిగా సెప్పాను," అంది. పెద్దలు తలలూపారు. కడుపునిండా తిన్నాం, నవ్వుకున్నాం కూడా. మా పిల్ల హాస్టల్లోనే ఉంది. దాన్ని పిలవాలని ఒక్కరికీ తోచలేదు. ఆదివారం వెళ్లి, "తీరిపోనాది, ఇంక ఆ మాటెత్తకు," అని చెప్పి వచ్చాను.

అది ఎత్తలేదు. దసరా సెలవులకు వచ్చింది. సెలవులయ్యాక పెట్టె సర్దలేదు.

"ఏటే, బేగి తెములు, జీపెల్లిపోతాది."

"నానెల్ను."

"ఇంకా అలాగే సేత్తన్నారా? మరి నాకెందుకు సెప్పలేదే?"

"ఏటని సెప్పను? మీరు కోడి తినేసారు గదా."

బతిమాలాను, కొట్టాను కూడా. కదల్లేదు. ఇప్పుడు కాఫీ తోటల్లో కలుపు తీస్తోంది, నాతో అవసరమైనంతే మాట్లాడుతుంది. టీసీకి వెళ్లినప్పుడు, మానేయడానికి కారణం రాసే చోట 'తల్లి కోరిక' అని రాసిచ్చారు. ఆ రెండు మాటలూ కూడబలుక్కుని చదివాను. సంతకం పెట్టాను.