వ్రతంలో ఉల్లిపాయలు

ఇవాళ మధ్యాహ్నం స్టవ్ మీద చిన్న గిన్నె పెట్టి మైదా జిగురు కాస్తున్నాను. మా పాపకి మూడేళ్ళు. దానికో బొమ్మల పుస్తకం ఉంది. అందులో ఒకచోట పిచ్చుక పిల్ల గూట్లోంచి జారి కింద పడిపోతుంది. ఆ పేజీ రాగానే పాప కింది పెదవి వంకర తిరుగుతుంది, కళ్ళు నిండుతాయి, ఆ తర్వాత అరగంట సేపు నా మెడ వదలదు. పోయిన నెలలో జ్వరం వచ్చి తగ్గిన పిల్ల. ఏడిస్తే దగ్గు, దగ్గితే వాంతి, తిన్న నాలుగు ముద్దలూ బయటికే. అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. ఆ పేజీని ఎదుటి పేజీకి అంటించేస్తే సరి. పిచ్చుక గూడు కడుతుంది, పిల్లలు పుడతాయి, పెద్దవై ఎగిరిపోతాయి. మధ్యలో పడిపోవడం ఉండదు. గరిటెతో కలుపుతూ ఉంటే జిగురు చిక్కబడింది. పచ్చిపిండి వాసన పోయి, కాస్త కమ్మటి వాసన మొదలైంది. నా చెయ్యి ఆగిపోయింది. అది రవణమ్మ మామ్మగారి వంటింటి వాసన.

మా నాన్నగారికి నర్సీపట్నం తాలూకా ఆఫీసులో ఉద్యోగం వచ్చినప్పుడు మేం అద్దెకి దిగిన ఇంట్లో గోడ అవతలి వాటా ఆవిడది. భర్త కాంపౌండరుగా చేసి పోయారు. పిల్లలు లేరు. ఆవిడ గొలుగొండలో అయిదో తరగతి వరకూ చదువుకున్నారు, అంతే. కానీ నేను బి.ఏ. పూర్తి చేసేనాటికి కూడా ఆవిడ చదివినన్ని పుస్తకాలు చదవలేదు. గుమ్మంలోకి ఎవరొచ్చినా అన్నం తిన్నావా, ఎప్పుడొచ్చావు అని అడిగేవారు కారు. "ఏటి సదువుతున్నావు?" అనేవారు. దానికి జవాబు రాగానే, "తర్వాతేటి?" అనేవారు. ఒకసారి నాన్నగారు నవ్వి, "మాకెక్కడ తీరుతుందండీ, ఆఫీసు ఫైళ్ళే చదువుతున్నాను" అన్నారు. "అయ్యో పాపం," అన్నారావిడ నిజంగానే జాలిపడుతూ, "ఆకర్నైనా పెళ్ళవుద్దా బాబూ వాటిల్లో?"

ఆవిడ వంటింటి తలుపు మీద పాత క్యాలెండరు కాయితం తిరగేసి అంటించి ఉండేది. దాని మధ్యగా ఒక గీత. గీతకి ఇటు పక్క 'చేతిలో ఉన్నవి', అటు పక్క 'రావాల్సినవి'. చేతిలో ఎప్పుడూ మూడు ఉండేవి. ఒకటి వంటింట్లో పప్పు ఉడికేలోగా చదివేది. అది ఎక్కడ ఆపినా ఫరవాలేని యాత్రల పుస్తకమో, వైద్యం పుస్తకమో అయి ఉండేది. దాని మీద పేజీ ఎగరకుండా ఏటికొప్పాక లక్క భరిణె ఒకటి బరువుకి పెట్టేవారు. రెండోది లైబ్రరీ నవల, భోజనాలయ్యాక. మూడోది వారపత్రికలో సీరియల్. పత్రిక గురువారం విశాఖపట్నం బస్సులో వచ్చేది. బస్టాండు దగ్గర బడ్డీ కొట్లో తీసుకొచ్చే పని నాది. తెచ్చేటప్పుడు దారిలో చదవకూడదని షరతు. అటు పక్కనున్న 'రావాల్సినవి' మాత్రం చాంతాడంత ఉండేవి. లైబ్రరీలో ఎవరో పట్టుకుపోయి తిరిగి ఇవ్వని నవల, పత్రికలో 'త్వరలో ప్రారంభం' అని వేసిన సీరియల్, ఎప్పుడో అనకాపల్లిలో బంధువులింట్లో సగం చదివి వదిలేసి వచ్చిన పుస్తకం. ఆ పక్క ఖాళీ అవుతోందనిపిస్తే ఆవిడకి కాలు నిలిచేది కాదు.

సీరియల్ పూర్తవగానే ఆ పేజీలన్నీ కత్తిరించి, వరసన పెట్టి, దబ్బనంతో కుట్టి, మైదా జిగురుతో అట్ట వేసేవారు. ఈ పని చాలా ఇళ్ళల్లో చేసేవారు గానీ, మామ్మగారు వెన్నుకి తన పాత చీర అంచు ముక్క అంటించేవారు. అలమారులో పుస్తకాల పేర్లు కనబడేవి కావు, అంచులే. "ఆ మావిడిపిందెల అంచు తియ్యవే" అంటే నేను తీసి ఇచ్చేదాన్ని. ఏ చీర ఏ కథో నాకు కంఠతా వచ్చు.

నాకు చిన్నప్పటి నుంచీ భయం ఎక్కువ. ఏ పుస్తకం పట్టుకున్నా ముందు ఆఖరి పేజీ చూసేదాన్ని. అందరూ బతికే ఉన్నారని తెలిస్తేనే మొదటి పేజీకి వెళ్ళేదాన్ని. మామ్మగారు చూసి నెత్తి మీద మొట్టేవారు. "ముందే సూసేస్తే ఇంకేటుంటాదే నీకు? రేపటికోసం కాస్త దాసుకోవాలి. రేపనేది ఒకటుండాలి కదా మనకి." సీరియల్స్‌తో నాకు చిక్కు అదే. వాటికి ఆఖరి పేజీ ఎక్కడా దొరకదు.

నాకు పదమూడేళ్ళప్పుడు ఆవిడ కళ్ళకి శుక్లాలు ముదిరాయి. కుడికన్ను అప్పటికే పూర్తిగా పోయింది. ఎడమదానికి ఆపరేషన్ చేయించడానికి గొలుగొండ నుంచి తమ్ముడు వచ్చి విశాఖపట్నం తీసుకెళ్ళాడు. పది రోజుల తర్వాత కంటికి కట్టుతో తిరిగొచ్చారు. డాక్టరు చెప్పిన జాగ్రత్తలన్నీ ఆ తమ్ముడు మా అమ్మకి అప్పజెప్పాడు. నేను తలుపు పక్కన నిలబడి విన్నాను. వంగకూడదు. దగ్గకూడదు. గట్టివి నమలకూడదు. నలభై రోజుల దాకా ఏదీ చదవకూడదు. "అన్నిటికన్నా ముఖ్యం, ఏడవకూడదండి. కన్నీళ్ళొస్తే కుట్లు సెడిపోతాయంట. ఇదొక్క కన్నే కదండీ మిగిలింది."

ఆ గురువారం సీరియల్ చదివి వినిపించే పని నాకు పడింది. అది ఒక ముసలి స్టేషన్ మాస్టరు, ఆయన పెంచుకున్న మనవరాలి కథ. ఏడాదిగా వస్తోంది. ఆ ముసలాయనంటే మామ్మగారికి ప్రాణం. కొండ మీంచి సంతకి చీపుర్లు అమ్మడానికి దిగే చిలకమ్మ కూడా ఆ వేళకి వచ్చి అరుగు మీద కూర్చునేది. చదువు రాదు, మామ్మగారి నోట వింటూ ఉండేది. "ముందు కత సెప్పండమ్మా, తర్వాత సీపురు బేరం" అనేది. దాని మొగుడు ఏణ్ణర్ధంగా మంచంలో ఉన్నాడు.

షరతు తప్పి ఆ రోజు దారిలోనే పత్రిక విప్పాను. మూడో పేజీలో ముసలాయన పచ్చజెండా చేత్తో పట్టుకుని ప్లాట్‌ఫారం మీదే కూలిపోయాడు. ప్రాణం పోయింది. బస్టాండులో అలాగే నిలబడిపోయాను. నా కళ్ళముందు ఉన్నది ముసలాయన కాదు, మామ్మగారి ఎడమకన్ను.

ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. ఆ చోటు దగ్గరకి రాగానే పత్రిక మొహానికి దగ్గరగా పెట్టుకున్నాను. "ఆయన... బెంచీ మీద కూర్చున్నాడు. కూజాలో నీళ్ళు తాగాడు. లేచాడు. జెండా ఊపాడు" అన్నాను.

"హమ్మయ్య," అంది చిలకమ్మ. "నానింకా ఏటయిపోద్దో అనుకున్నాను."

 మామ్మగారు కట్టు కట్టిన మొహం నా వైపు తిప్పారు.

ఒక్క అబద్ధంతో పోతుందనుకున్నాను. తర్వాతి వారం నుంచీ తెలిసింది అసలు కష్టం. పత్రికలో ఆయన లేడు. నేనేమో ప్రతి పేజీలో ఆయన్ని కూర్చోబెట్టాలి, మాట్లాడించాలి, కాఫీ తాగించాలి. మనవరాలు ఒంటరిగా రైలెక్కితే నేను పక్కన ఆయన్ని ఎక్కించేదాన్ని. మూడో వారం పన్నెండో రోజు భోజనాలు వచ్చాయి. ఊరంతా వచ్చి వరండాలో కూర్చుని ఏడుస్తున్నారు. అంతమందిని ఏం చెయ్యను? సత్యనారాయణ వ్రతం చేయించాను, ఏడుపులు తీసెయ్యడం మాత్రం మరిచిపోయాను.

"వ్రతానికొచ్చి అందరూ ఏడుస్తున్నారేటే?" అన్నారు మామ్మగారు.

"ఉల్లిపాయలు తరుగుతున్నారండీ" అన్నాను ఠక్కున.



"వ్రతానికి ఉల్లిపాయలా?"

"మరి... రైల్వేవాళ్ళు కదండీ మామ్మగారూ. అన్ని ఊళ్ళవాళ్ళూ ఉంటారు."

ఆవిడ పెదాలు బిగించారు. భుజాలు కదిలాయి. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఊరుకోయే, నవ్వితే కూడా కుట్లకి మంచిది కాదు" అన్నారు. చిలకమ్మ మాత్రం, "రైలోళ్ళు అంతేనమ్మా" అని నన్ను సమర్థించింది.

నలభై రోజులయ్యాయి. ఆవిడకి సీసా అడుగంత మందం కళ్ళద్దాలు వచ్చాయి. ఆ లోపు సీరియల్ కూడా అయిపోయింది. ఇక పేజీలు కత్తిరించి కుట్టడమే తరువాయి. పత్రికలన్నీ ఆవిడ చేతికి ఇచ్చి, చదువుకోవాలని చెప్పి మూడు రోజులు గోడ ఇవతలే ఉండిపోయాను.  అమ్మానాన్నలకి అబద్ధం చెప్పినప్పుడు కూడా అంత భయపడలేదు. అటు గదిలోంచి కత్తెర చప్పుడు వినబడుతూ ఉండేది. మధ్యలో ఒకసారి ఆగిపోయింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

నాలుగో రోజు మైదా జిగురు వాసన గోడ దాటి వచ్చింది. వెనకాలే పిలుపు. "సరళా! బేగి రాయే."

వెళ్ళాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆ ఒక్క కన్నూ ఎర్రగా ఉంది. 

"ఏడ్సేనే," అన్నారు. "నిన్న మధ్యాహ్నం కూకుని కడుపారా ఏడ్సేను. డాక్టరు ఇంక ఏడవొచ్చన్నాడు కదా. ఎంత హాయిగా ఉందనుకున్నావు."

"నామీద కోపం రాలేదాండీ మీకు?" అని అడిగాను.

"ఉల్లిపాయలు తరిగినప్పుడే తెలిసిపోయింది నాకు, ఆ ముసలోడు ఎలిపోనాడని."

"మరి అడగలేదేం?"

"ఎందుకడగాలే? గురువారం ఎప్పుడొస్తదా అని కట్టు కింద కళ్ళు మూసుకుని సూసేదాన్ని. పత్రికలో ఏటుందో అని కాదు. ఈ వారం సరళ ఆయన్నెలా బతికిస్తదో అని." ఒళ్ళోని కళ్ళద్దాలు చెంగుతో తుడిచారు. "కానీ ఒకటి సెప్తాను ఇను. నా కన్ను కోసం సేసేవు, అది బంగారం. కన్ను బాగయ్యాక కూడా దాయాలనుకోకు. ఆయన కోసం నేను ఏడవాలి కదే. ఏడాది పాటు నాతో ఉన్నాడు. ఏడిస్తేనే కదా తర్వాతేటని అడగబుద్దేసేది."

ఆ తర్వాత నా చేత రూళ్ళ కాయితాల మీద ఆ అయిదు వారాలూ నేను చెప్పినట్టే రాయించారు, వ్రతంతో సహా, ఉల్లిపాయలతో సహా. అసలు పేజీల పక్కనే నావీ పెట్టి ఒకే పుస్తకంగా కుట్టారు. వెన్నుకి అంచు వెతుకుతూ తన పెళ్ళిచీర బయటికి తీశారు. నేను వద్దంటున్నా వినకుండా కత్తెర వేసేశారు.

"చిలకమ్మకి చెప్పేదా అండీ, ఆయన పోయాడని?" అని అడిగాను.

దబ్బనం ఆపి ఆలోచించారు. "దాని మొగుడు లేచి తిరిగే దాకా ఆగుదాం" అన్నారు. అతను లేవలేదు. ఆ చలికాలంలోనే పోయాడు. తర్వాత చిలకమ్మ చీపుర్లతో దిగినప్పుడు తనే అడిగింది, "ఆ టేసను తాత కూడా పోనాడు కదమ్మా? నాకప్పుడే తెలుసు. పాప సదువుతుంటే దాని గొంతు వొణికింది" అని. మామ్మగారూ అదీ చాలాసేపు అరుగు మీద పక్కపక్కన కూర్చున్నారు. నేను వాళ్ళిద్దరికీ మంచినీళ్ళు ఇచ్చాను.

మామ్మగారు పోయి రెండేళ్ళయింది. అప్పటికి పాప ఏడాది పిల్ల. వాళ్ళ తమ్ముడు ఆ పెళ్ళిచీర అంచు పుస్తకం తెచ్చి నాకిచ్చాడు. వంటింటి తలుపు మీది కాయితం కూడా ఊడదీసి తెచ్చాడు. 'చేతిలో ఉన్నవి' కింద మూడు పేర్లు. 'రావాల్సినవి' కింద పదకొండు. కన్ను మసకబారాక రాసినవి కాబట్టి గీత దాటి అటూ ఇటూ పోయాయి. ఆ పదకొండులో ఏడు ఇప్పటికి చదివాను. ఎనిమిదోది నా తలగడ కింద ఉంది, నలభై పేజీలు మిగిలాయి. ఆఖరి పేజీ చూడలేదు. పాపకి జ్వరం వచ్చిన ఆ వారమంతా రేపు ఏమవుతుందో తెలియనప్పుడు కూడా, అందులో రోజుకి రెండు పేజీలే చదివాను. రేపటికి కాస్త ఉంచుకోవాలని.

జిగురు దింపి చల్లారనిచ్చాను. పిచ్చుక పేజీలు అంటించలేదు. పుస్తకం వెన్ను ఎలాగూ ఊడిపోయింది, దానికి నా పాత చీర అంచు ఒకటి కత్తిరించి అంటించాను. ఆరాక పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదటి నుంచీ చదివాను. ఆ పేజీ వచ్చింది. నా గొంతు వణికింది, పాప తలెత్తి నన్ను చూసింది. ఉన్నది ఉన్నట్టు చదివాను. పిచ్చుక పిల్ల పడిపోయింది. పాప ఏడ్చింది, రెండుసార్లు దగ్గింది. వీపు మీద చెయ్యి వేసి ఊరికే కూర్చున్నాను.

కొంతసేపటికి ముక్కు నా చీరకే తుడుచుకుని, పేజీ మీద చిన్న వేలు పెట్టి అడిగింది.

"తర్వాత?"