బాయిలర్ ముల్లు

కుక్కర్ విజిల్ వేస్తే ఇప్పటికీ ఉలిక్కిపడతాను. బుచ్చిరెడ్డిపాలెం బళ్ళో నాతో చదివినవాళ్ళకు గుర్తుందా? సైన్సు అయ్యవారు మనల్ని ఉప్పుడు బియ్యం మిల్లుకు తీసుకెళ్ళి, అక్కడివాళ్ళ చేతే ఆవిరి పాఠం చెప్పించేవారు. ఉడికిన వడ్ల వాసన, కాళ్ళ కింద అదిరే నేల!

ఒకరోజు బాయిలర్ చూసే మస్తాన్ అన్న నన్ను ఆవిరి ఒత్తిడి చూపే మీటరు ముందు నిలబెట్టాడు. "ముల్లు మీంచి కన్ను తియ్యబాక పాపా, ఏమరితే పేలిపోద్ది" అన్నాడు.

పాఠం అయ్యాక మస్తాన్ అన్న వడ్ల వైపు పోయాడు, మిగతా అందరూ వెళ్ళిపోయారు. నేను మిగిలిపోయిన సంగతి ఆ ఆవిరిలో ఎవరూ గమనించలేదు. కళ్ళు మండుతున్నా రెప్ప వాల్చలేదు. చూపు తిప్పితే మిల్లూ, ఊరూ, మా ఇల్లూ పేలిపోతాయని వణికిపోయాను.

వెతుక్కుంటూ అమ్మ వచ్చింది.

"అమ్మా, ఆ ముల్లు నువ్వు చూస్తా ఉండు. లేకుంటే పేలిపోద్ది. నేను ఒక్కసారి కళ్ళు మూసుకుంటా."

అమ్మ నా చెయ్యి పట్టుకుని ముల్లు వైపు చూసింది. కాసేపటికి నేను కళ్ళు తెరిచి "ఇంటికి పోదాం" అన్నా, ఆమె ముల్లు మీంచి కన్ను తియ్యలేదు.